పచ్చి రేకు

ఆదివారం పొద్దున్నే గురునాథం గొంతు ప్రోతరాపూర్ వీధిలో సగం ఇళ్ళకి వినిపించింది. మామూలుగా ఆ మనిషి అరవడు. నలభై ఏళ్ళు బళ్ళ సొట్టలు తీస్తూ సుత్తి చప్పుడులో బతికినవాడికి గొంతు పెంచడం అలవాటయి ఉండాలి గానీ, ఎందుకో ఆయనకి అది అబ్బలేదు. అలాంటివాడు అరుస్తున్నాడంటే షెడ్డులో కొంప మునిగిందన్నమాటే.

గేటు తీసుకుని లోపలికొస్తున్న పెద్దకూతురు గౌతమికి ఏం మునిగిందో తెలుసు. షాదీపూర్ నుంచి బస్సులో వస్తూ, ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టడం ఎలాగో దారి పొడుగునా సాధన చేసుకుంటూ వచ్చింది.

షెడ్డు మధ్యలో ఇంటి పాత పికప్ బండి నిలబడి ఉంది. నిన్న సాయంత్రం కడిగిన స్టీలు కంచంలా మెరిసిన బండి, ఇవాళ పొద్దుటికి ఎవరో పసుపూ కారం కలిపి పూసినట్టుంది. బానెట్టూ, రెండు తలుపులూ, వెనక తొట్టి పక్కలూ, ఎక్కడ చూసినా సన్నటి ఎర్రటి తుప్పు. దాని ముందు చిన్నల్లుడు అనిల్ తలవంచుకుని నిలబడ్డాడు.

"సెయ్యెట్టి సూడు," అంటున్నాడు గురునాథం. "నా కళ్ళకి పొరలొచ్చాయి గానీ సేతులకి రాలేదు. ఇదేటిది? రేకా, గరుకు కాగితమా?"

అనిల్ చెయ్యి పెట్టి చూశాడు. చూసి, తమవైపు వారం రోజులు వదిలేసినా రేకుకి ఏమీ కాదనీ, మావయ్య ఒకసారి చేత్తో తడిమి చూశాక సోమవారం ప్రైమర్ కొడదామనుకున్నాననీ నెమ్మదిగా చెప్పాడు. అతని ఖర్మ, అదే ఆయన కోపానికి ఆజ్యమయింది.

"మీ వైపు," అన్నాడు గురునాథం. "మీ నరసరావుపేట కాదురా ఇది. సుట్టూ ఉప్పునీళ్ళు. ఇక్కడ గాలి తింటాది ఇనుముని."

దీవుల్లో సొట్టలు తీసే పనివాడెవడికీ ఈ ముక్క ఒకరు చెప్పక్కర్లేదు. రంగు గీకేసి, ఇంకా పూత పడని రేకుని ఇక్కడ పచ్చి రేకంటారు. పొద్దుపోయే లోపల ఎంతమేరకి పూత వెయ్యగలవో అంతే గీకాలి. ఒక్క రాత్రి పచ్చిగా వదిలావా, తెల్లారేసరికి తుప్పు పట్టేస్తుంది. ఒడ్డు నుంచి, అంటే సముద్రం అవతల నుంచి, కొత్తగా వచ్చినవాళ్ళు ఈ పొరపాటు ఒక్కసారి చేస్తారు, మళ్ళీ జన్మలో చెయ్యరు. అనిల్ ఓడ దిగి రెండేళ్ళయింది గానీ, ఇన్నాళ్ళూ చేసినవన్నీ పూట పనులే. ఇక్కడో సొట్ట, అక్కడో అతుకు. బండి మొత్తం గీకడం ఇదే మొదలు. ఇక గురునాథానికి ఆ సంగతి చెప్పాలన్న ఊహే రాలేదు. ఆయన ఇంట్లో ఆడపిల్లలకి కూడా తెలిసిన విషయం అది.

అసలు గొడవంతా అక్కడే ఉంది.

నిన్న శనివారం గురునాథం భార్య కాసులమ్మని వెంటబెట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. వచ్చే నెల ఆపరేషనుకి పరీక్షలు. కళ్ళలో చుక్కలు వేశారు. ఇంటికొచ్చి, తడిగుడ్డ కళ్ళ మీద వేసుకుని మంచమెక్కాడు. షెడ్డువైపు వెళ్ళలేదు. డాక్టరు రాసిన మందులు పట్టుకుని గౌతమి వచ్చేసరికి అయిదవుతోంది. అనిల్ ఒళ్ళంతా రంగు పొడితో, పళ్ళు మాత్రం తెల్లగా, ఎదురొచ్చాడు. "వదినా, ఒకసారి చూడండి," అన్నాడు. నాలుగు రోజుల కష్టం, మూడు రోజులు పై రంగులు గీకి, అడుగు పూత తీసి రేకు బయటపెట్టింది మాత్రం ఆ రోజే. ఒక్క ఎడమ తలుపు మీద పాత సొట్ట మాత్రం మావయ్య చేతికి వదిలేశానని చెప్పాడు.

గౌతమి చూసింది. దీవుల్లో అయిదున్నరకే చీకటి పడిపోతుంది. ఇంకా అరగంట ఉంది. ప్రైమర్ డబ్బా అలమరలో ఎదురుగానే ఉంది. తను పనిచేసే స్పేర్‌పార్టుల కొట్టు నుంచి తనే తెచ్చిన డబ్బా. ఒక్కమాట చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"బాగుంది," అని లోపలికి వెళ్ళిపోయింది.

లోపల మంచం మీంచి తండ్రి అడుగు చప్పుడు బట్టి ఎవరో పోల్చుకున్నాడు. "పూతేశాడేటే?" అని అడిగాడు. "అవన్నీ చూసుకుంటాడులే నాన్నా, నువ్వు పడుకో," అంది గౌతమి. ఇంటికెళ్ళేటప్పుడు బస్సులో, తను అబద్ధమేమీ చెప్పలేదని తనకి తానే పదిసార్లు చెప్పుకుంది. నిజమే, అబద్ధం కాదు. కానీ అడిగినవాడు నమ్మి కళ్ళు మూసుకున్నాడు.

ఇప్పుడామె ఎదురుచూస్తున్నది ఒక్కదాని కోసమే. నిన్న నిన్ను అడిగాను కదే అని తండ్రి ఎప్పుడంటాడా అని.

ఆయన అనలేదు. గౌతమి వచ్చిన సంగతి తెలిసినట్టు "వచ్చావా" అని మాత్రం అన్నాడు, అటు తిరక్కుండానే. మళ్ళీ అనిల్ మీద పడ్డాడు. ముప్పయ్యేళ్ళ బండి, ఆరేళ్ళుగా టార్పాలిన్ కింద మూలబడ్డ బండి, అసలే రేకు పల్చబడింది. ఇప్పుడు మళ్ళీ గీకితే ఎక్కడ చిల్లు పడుతుందో తెలీదు. గీకకుండా పూత వేస్తే ఏడాదికి బుడగలు లేస్తాయి. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు అని అల్లుడిని నిలదీశాడు.

 అనిల్ గరుకు కాగితం తీసుకుని బానెట్ దగ్గర కూర్చున్నాడు.

గౌతమికి లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది కూడా. అయినా ఆ చల్లదనం మాత్రం పోలేదు.

గౌతమి మంచిది కాదని ఎవరూ అనరు. మొగుడు మణికుమార్ దీవుల మధ్య తిరిగే ఓడలో పని, నెలలో ఇరవై రోజులు నీళ్ళ మీదే. ఆ ఇరవై రోజులూ ఉద్యోగమూ ఇల్లూ చూసుకుంటూ, రోజు మార్చి రోజు పుట్టింటికొచ్చి అమ్మానాన్నల్ని చూసుకునేది ఈమే. కానీ రెండేళ్ళ నుంచీ ఆమె కడుపులో ఒక మంట రగులుతోంది. దాని పేరు అనిల్.

తొమ్మిదేళ్ళప్పుడు మొదలయింది ఆమె పని. సొట్ట తీసేటప్పుడు రేకు బయటినుంచి ఒకరు సుత్తితో కొడితే, లోపల్నించి ఒకరు ఇనపదిమ్మ ఆనించి పట్టుకోవాలి. బండి తలుపుల సందుల్లో దూరడానికి చిన్న ఒళ్ళు కావాలి. ఆ ఒళ్ళు గౌతమిది. బళ్ళోంచి వచ్చి, గౌను మార్చుకుని, దిమ్మ పట్టుకుని కూర్చునేది. సుత్తి ఎక్కడ పడబోతోందో తండ్రి చెప్పకుండానే ఆమె మణికట్టుకి తెలిసేది. కూతుర్ని చూపించి, ఈ గుంట నా రెండో సెయ్యి అని గురునాథం నలుగురికీ చెప్పుకునేవాడు. పదిహేడో ఏట బజారులో ఎవరో ఏదో అన్నారు. ఎదిగిన పిల్లని షెడ్డులో కూర్చోబెడతావా అని. మర్నాటినుంచి దిమ్మ పోయింది. డాలీగంజ్‌లో కంప్యూటర్ కోర్సు వచ్చింది.

పోనీ అనుకుంది. పదిహేడేళ్ళు పోనీ అనే అనుకుంది. ఈ లోపల లహరికి సంబంధం వచ్చింది. వచ్చినవాడికి సొట్టలు తీసే పని వచ్చు. ఇల్లరికం వచ్చి ఇంట్లోనే ఉన్నాడు, షెడ్డులో దిగాడు. ఒకరోజు గౌతమి టీ గ్లాసులు పట్టుకెళ్ళేసరికి తండ్రి అతని మణికట్టు పట్టుకుని చెబుతున్నాడు. దెబ్బ సొట్ట నడిబొడ్డున కొట్టకూడదనీ, అంచుల నుంచి మొదలెట్టి లోపలికి రావాలనీ, కళ్ళు మూసుకుని అరచెయ్యి కింద గుడ్డ పెట్టుకుని తడిమితే కంటికి కనపడని వంకర తెలుస్తుందనీ. ఎంత ప్రేమగా చెబుతున్నాడో. గౌతమి గ్లాసులు అక్కడే పెట్టేసి వచ్చేసింది. ఎనిమిదేళ్ళు తనకి పట్టుకోవడమే నేర్పాడు. కొట్టడం ఇతనికి నేర్పుతున్నాడు.

ఆ మంటకి తోడు పోయిన ఆదివారం భోజనాల దగ్గర ఆ మాట. పికప్ రోడ్డెక్కిన రోజున షెడ్డు బోర్డు మీద తన పేరు తీయించి అనిల్ పేరు రాయిస్తానన్నాడు గురునాథం. అందరూ సంతోషించారు. గౌతమి కూడా నవ్వి, అనిల్ కంచంలో ఇంకో చేపముక్క వేసింది.

వంటింట్లో కాసులమ్మ కత్తిపీట ముందు చేప కోస్తోంది. లహరి కొబ్బరి తురుముతోంది. గౌతమి వచ్చి బియ్యం చేట తీసుకుంది.  కిటికీ అవతల గరుకు కాగితం రుద్దుతున్న చప్పుడు ఆగకుండా వస్తోంది.

లహరికి మామూలుగా అక్క అక్కే. కోపం వస్తే దీదీ అయిపోతుంది.

"దీదీ, నిన్న నువ్వు షెడ్డులో ఎంతసేపున్నావ్?"

గౌతమి బియ్యంలో రాళ్ళేరుతూ, చూసి వచ్చేశానంది. ఏం చూశావని అడిగింది లహరి. బండి చూశానంది. బండి మీద ప్రైమర్ లేదని చూశావా అని అడిగింది లహరి. ఏమో, గమనించలేదంది.

"సచ్ బతా దీదీ, నిజం చెప్పు. రాత్రికి తుప్పు పడుతుందని నీకు తెలీదా?"

"తెలీకపోవడానికి నేనేమైనా నరసరావుపేట నుంచి వచ్చానా?"

అనేశాక గానీ తనేం అన్నదో గౌతమికి అర్థం కాలేదు. కాసులమ్మ చేతిలో చేప ఆగిపోయింది. చూడండి మరి, దారి పొడుగునా సాధన చేసుకొచ్చిన ముఖం, ఒక్క క్షణం గర్వానికి ఇలా బయటపడిపోయింది. పని తెలుసనిపించుకోవాలన్న తాపత్రయం ఆమెకి అన్నిటికంటే పెద్దది.

లహరి కొబ్బరిచిప్ప కింద పెట్టింది. అరవలేదు. అరిచినా బాగుండేది. "ఒక్కమాట చెబితే నీ నోరు అరిగిపోయేదా," అంది. "నాలుగు రోజులు చేతులు బొబ్బలెక్కేలా గీకాడు దీదీ. నాన్న తడిమి చూస్తాడని, నాన్న మెచ్చుకుంటాడని, అలాగే ఉంచాడు."

ఆ ఆఖరి మాట గౌతమికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నాన్న మెచ్చుకోలు కోసం ఉంచాడట. ఎవరి నాన్న?

ఇక అక్కణ్ణించి మాటకి మాట పెరిగింది. చిన్నప్పుడు షెడ్డు వాసనకి ముక్కు మూసుకుని పారిపోయిన పిల్ల ఇవాళ షెడ్డు గురించి మాట్లాడుతోందని గౌతమి అంది. షెడ్డు కోసం కాదు, మొగుడి కోసం మాట్లాడుతున్నానని లహరి అంది. అన్నీ తెలిసిన మొనగాడు తనని అడగలేదే అని గౌతమి. అడగకపోతే మనిషన్నవాళ్ళు చెప్పరా అని లహరి. మధ్యలో కాసులమ్మ, ఊరుకోండే, ఆ మడిసికి ఇనబడతాది అంటూ ఇద్దరి మధ్యా చేపచేతులు ఊపుతోంది.

"నీకు కుళ్ళు దీదీ. పైనుంచి కింద దాకా కుళ్ళు."

"అవును, కుళ్ళే," అంది గౌతమి.  "నేను దిమ్మ పట్టుకున్న చోట వాడు సుత్తి పట్టుకున్నాడు. బోర్డు మీద పేరు కూడా వాడిదే అంటే నాకు కుళ్ళు కాక మరేమిటి?"

 కాసులమ్మ పెద్దకూతురివైపు చాలాసేపు చూసింది. ఈ గుంట మనసులో ఇంత ఉందా అన్నట్టుగా. చివరికి ఓదార్పుగానే అంది పాపం, కానీ ఆ ఓదార్పు దెబ్బకంటే గట్టిగా తగిలింది.

"ఆడపిల్ల పేరు షెడ్డు బోర్డు మీద ఎవులు రాత్తారే అమ్మా?"

లహరి లేచింది. ఇదంతా నాన్నకి ఇప్పుడే చెబుతానని గుమ్మం దాటింది. గౌతమి ఆపలేదు.  చేట కింద పెట్టి, చెల్లెలి వెనకే నడిచింది.

అప్పుడు తట్టింది ఆమెకి. గరుకు కాగితం చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. కిటికీ తెరిచే ఉంది.

షెడ్డులో గురునాథం ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. లహరి నోరు తెరవబోయేలోపల అనిల్ బానెట్ పక్కనుంచి లేచి నిలబడ్డాడు. ఎవరి ముఖమూ చూడలేదు.

"మావయ్యా, ఒక మాట. నిన్న వదిన చెప్పింది నాకు. చీకటి పడేలోపలే ప్రైమర్ కొట్టెయ్యమంది. నేనే ఏం కాదులే అన్నా."

లహరి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. 

గురునాథం పొరలు కమ్మిన కళ్ళతో అల్లుడున్న వైపు చూశాడు. "సెప్పిందా?"

"చెప్పింది."

"సెప్పినా ఇనలేదా?"

"వినలేదు మావయ్యా. తప్పు నాదే."

అతని గొంతులో దెప్పిపొడుపు లేదు, త్యాగం చేస్తున్నానన్న డాబూ లేదు. అక్కాచెల్లెళ్ళు తనవల్ల విడిపోకూడదనుకున్నాడు, అంతే. అదిగో, ఆ మంచితనాన్నే గౌతమి భరించలేకపోయింది. పని అతనిదే, నాన్న అతని వైపే, ఇప్పుడు మంచితనం కూడా అతనికేనా? తనకి మిగిలిందేమిటి? ఇప్పుడైనా చెప్పెయ్యవచ్చు. కాదు నాన్నా, నేను చెప్పలేదు అని నాలుగే మాటలు. గౌతమి గోడకి ఆనుకుని నిలబడింది గానీ ఆ నాలుగు మాటలూ అనలేదు.

 తెలీక చేసినవాడికి నేర్పుకోవచ్చన్నాడు గురునాథం. చెప్పినా విననివాడి చేతికి షెడ్డు ఎలా ఇస్తానన్నాడు. "బోర్డు సంగతి మర్సిపో. బస్, అంతే," అన్నాడు.

అనిల్ తలూపాడు. కుళాయి దగ్గర మోచేతులదాకా కడుక్కుని, చొక్కా తగిలించుకుని, గేటు తీసుకుని వెళ్ళిపోయాడు. లహరి అక్కవైపు ఒక్క చూపు చూసి ఇంట్లోకి పోయింది. అది చూపు కాదు, చెంపదెబ్బ.

"గౌతమీ," అన్నాడు గురునాథం. "ఇటు రా."

వెళ్ళింది. ఆయన తడుముకుంటూ బల్ల మీది సుత్తి తీశాడు. ముఖం నున్నగా అరిగిన సుత్తి, నలభై ఏళ్ళుగా ఆయన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ఎరగనిది. అనిల్ సుత్తి వేరే ఉంది. తన సుత్తినే కూతురి చేతిలో పెట్టి, తను ఎడమ తలుపు తెరిచి, లోపలివైపు అట్ట ఊడదీసిన సందులోంచి ఇనపదిమ్మ పట్టుకుని, మోకాళ్ళు పట్టేస్తున్నా నేలమీద చతికిలబడ్డాడు.

"అంచుల కాణ్ణించి రా. నడిబొడ్డున కొట్టకు."

మొదటి దెబ్బ తప్పింది. రేకు డబ్బాలా మోగింది. హూఁ అన్నాడు తండ్రి, ఇంకా కిందకి అన్నాడు. రెండో దెబ్బ కూడా అంతంతమాత్రమే. నాలుగో దెబ్బ దిమ్మ మీద సరిగ్గా పడింది. ఖంగుమన్న ఆ చప్పుడు ఆమె మోచెయ్యి దాకా పాకింది. "అద్దీ," అన్నాడు గురునాథం.

అబ్బ, ఆ ఒక్కమాట కోసం కాదూ ఇన్నేళ్ళు! గౌతమి కళ్ళు తుడుచుకుని మళ్ళీ కొట్టింది. సొట్ట అంచు వేలెడంత మేర పైకి లేచింది. రేకు మాట వింటోంది. తండ్రి దిమ్మ ఎక్కడికి జరుపుతాడో ఆమె సుత్తికి ముందే తెలుస్తోంది. అటువైపు కూర్చుని ఎనిమిదేళ్ళు నేర్చుకున్నదంతా ఇటువైపు చేతిలోంచి వస్తోంది.

సంతోషంగా ఉంది. సంతోషం కింద ఏదో అడ్డంగా ఉంది. ఈ సుత్తి తనకి నాన్న ఇచ్చాడా, అనిల్ ఇచ్చాడా? దెబ్బ దెబ్బకీ అదే ప్రశ్న. అనిల్ ఒక అబద్ధమాడి పక్కకి తప్పుకుంటే దొరికిన చోటు ఇది. వాడు వదిలేసిన సొట్ట, వాడు వదిలేసిన షెడ్డు. వాడు దానంగా పారేస్తే తను ఏరుకుంటోందా? ఆ ఆలోచనకి చెయ్యి జోరెక్కింది. మెల్లిగా అన్నాడు తండ్రి అటునుంచి, రేకు సాగిపోతాదన్నాడు.

పదకొండు దాటాక లహరి మళ్ళీ వచ్చింది. ఈసారి వెనకాల కాసులమ్మ కూడా ఉంది, తడిచెయ్యి చీరకి తుడుచుకుంటూ. డాలీగంజ్‌లో తెలిసినాయన ఉన్నాడనీ, వైజాగ్ ఓడకి టికెట్లు ఎప్పుడిస్తారో కనుక్కోడానికి అనిల్ ఆయన దగ్గరికెళ్ళాడనీ చెప్పింది లహరి. తనూ అతనితో వెళ్ళిపోతున్నానంది. చెబుతున్నంతసేపూ ఏడవలేదు.

సుత్తి ఆగింది. గురునాథం తలుపు వెనకనుంచి కదల్లేదు.

"ఒక్కటి అడుగుతాను నాన్నా. అమ్మ చెప్పింది. నిన్న సాయంత్రం నువ్వు మంచం మీద పడుకుని, పూత వేశాడా అని దీదీని అడిగావట. అడిగావా లేదా?"

కాసులమ్మ తలదించుకుంది. గౌతమి రేకువైపే చూస్తోంది. అటువైపు తండ్రి ముఖం కనపడదు. తలుపు కింద ఆయన పాదాలు మాత్రం కనపడుతున్నాయి.

"నేదు," అన్నాడు గురునాథం. "నానేటీ అడగనేదు. మీ యమ్మ పొరపాటు పడింది."

కాసులమ్మ చటుక్కున తలెత్తింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆ మనిషి అబద్ధమాడగా ఆవిడ వినలేదు.

గౌతమికి అప్పుడర్థమయింది. ఆయనకి గుర్తుంది. పొద్దుటినుంచీ గుర్తుంది. అనిల్ చెప్పింది నిజం కాదని తెలిసే బోర్డు లేదన్నాడు, తెలిసే సుత్తి ఇచ్చాడు. నిన్న తనని మోసపుచ్చిన కూతురిని ఇవాళ కాపాడుతున్నాడు.

"కొట్టమ్మా," అన్నాడు రేకు వెనకనుంచి. "సెయ్యి నొప్పెడతంది నాకు."

గౌతమి సుత్తి ఎత్తింది. దించలేకపోయింది. తను కోరుకున్నదంతా చేతిలోనే ఉంది. కానీ వాడి దానం, దానిమీద నాన్న దానం. ఏదీ తనది కాదు. పగవాడు పెట్టిన అన్నంలా అది గొంతు దిగలేదు.

"అడిగావు నాన్నా," అంది. "నేనే దాటేశాను. అనిల్‌కి నేనేమీ చెప్పలేదు. కావాలనే చెప్పలేదు."

 గురునాథం తలుపు పట్టుకుని మెల్లిగా లేచాడు. ముఖం చెమటకి తడిసిపోయి ఉంది. పొద్దున్న అల్లుడి మీద అరిచిన గొంతు కాదది. చాలా చిన్నగా వచ్చింది.

"నీ పదిహేడో ఏట ఇయ్యాల్సిన సుత్తి అది. నలుగురూ ఏటనుకుంటారో అని ఇయ్యనేదు. ఇవాళ ఆ గుంటడు అబద్ధమాడితే నాకో సాకు దొరికింది. ఆడికి అన్నేయం అని తెలిసే తీసుకున్నాను. ఇప్పుడు ఆ సాకూ నేకుండా సేశావు."

"ఉంచుకోలేకపోయాను నాన్నా."

"నాకు సెప్పడం కాదు." ఆయన చెయ్యి లహరివైపు చాచాడు. "ఫోను కలుపు. నా తప్పు నేను సెప్పుకుంటాను ఎనకాల. ముందు ఇది సెప్పాలి."

లహరి నంబరు నొక్కి, ఫోను అక్క చెవికి ఆనించింది. గౌతమి ఆ ఫోను తన చేత్తో పట్టుకోలేదు. కుడిచేతిలో సుత్తి ఇంకా అలాగే ఉంది. నాన్న ముందు ఒప్పుకోవడం కష్టమనుకుంది గానీ, అది అసలు కష్టమే కాదని రింగు వింటుంటే తెలిసింది. నాన్న నాన్నే. వీడి ముందు తలవంచాలి. ఇంకోసారి రింగయింది. తిట్టాలి వాడు, అనుకుంది. నాలుగు మాటలు అనాలి. అప్పుడు తనూ నాలుగు అని, ఆ మధ్యలో ఈ మాట కూడా అనెయ్యవచ్చు.

అవతల బస్సుల రొద వినిపించింది.

"లహరీ, భోంచేశావా?" అన్నాడు అనిల్. ఇటునుంచి మాట రాకపోయేసరికి ఒక్క క్షణం ఆగాడు. "వదినా, మీరా? ఏం పర్లేదు వదినా. మీరేం చెప్పొద్దు."

అంత మెత్తగా అన్నాడు. తండ్రీ తల్లీ చెల్లెలూ ముగ్గురూ ఆమె నోటివైపే చూస్తున్నారు. ఈసారి కూడా మంచితనం వాడిదే అయిందని గౌతమికి మళ్ళీ ఒళ్ళు మండిపోయింది.